గ్రూప్‌కి కులం లేదు, క్లాస్‌రూమ్‌కి ఉంది (మన చదువుల చరిత్ర – 11)



పోయిన వారం ఒక చెల్లి ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టింది. గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో బీయస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. "అన్నా, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పేపర్ పోయింది. సప్లీ కూడా పోయింది. ఇది అందరి బుర్రకీ ఎక్కే సబ్జెక్టు కాదమ్మా, మీవాళ్లు ఎలాగోలా పాసై గ్రూప్-2 రాసుకుంటే మంచిది అని మా సార్ క్లాసులోనే అన్నాడు. మ్యాథ్స్ మానేద్దామనుకుంటున్నా."

చదవగానే నా డిగ్రీ గుర్తొచ్చింది. మొదటి రోజు లెక్చరర్ బోర్డు మీద "గ్రూప్" అని రాశాడు. గ్రూప్-2 సిలబస్ చెప్తాడేమోనని వెనక బెంచీలో మేం సర్దుకుని కూర్చున్నాం. అరగంట తర్వాత బోర్డు నిండా గుర్తులున్నాయి, మా నోట్సులో ఒక్క ముక్క లేదు. ఆ రోజు నవ్వుకున్నాం. పరీక్షలప్పుడు నవ్వలేదు.

చెల్లికి విడిగా జవాబిచ్చాను. కానీ ఆ "మీవాళ్లు" అన్న మాటకి జవాబు అందరి ముందూ ఇవ్వాలి. అందుకే ఈ భాగం. ఈ సబ్జెక్టుని ఎవరు తయారు చేశారు, ఎవర్ని తలుపు బయట నిలబెట్టారు, ఆ తలుపు ఎలా తెరుచుకుంది అన్నది మనం తెలుసుకోవాల్సిన చరిత్ర.

అసలు ఏముంది అందులో

మ్యాథ్స్ చదవనివాళ్లు భయపడకండి. గోడ గడియారం చూడండి చాలు.

ఇప్పుడు 9 గంటలైంది. 5 గంటల తర్వాత ఎంత? 2. అంటే గడియారం లెక్కలో 9కి 5 కలిపితే 2. ఏ రెండు గంటలు కలిపినా వచ్చేది గడియారంలో ఉన్న గంటే. మన తెలుగు మీడియం పుస్తకంలో దీన్ని సంవృత ధర్మం అన్నారు. మూడు గంటల్ని కలిపేటప్పుడు ముందు ఏ రెండింటిని జత కట్టినా జవాబు మారదు. అది సహచర ధర్మం. 12 కలిపితే ఉన్నచోటే ఉంటాం. ఆ 12 తత్సమాంశం. ప్రతి గంటకీ మళ్లీ 12 దగ్గరికి చేర్చే జోడీ ఒకటుంది. 9కి 3, 7కి 5. అది విలోమం.

ఈ నాలుగు ధర్మాలున్న గుంపే గ్రూప్. అంతే.

ఇప్పుడొక చదరపు అట్టముక్క కత్తిరించండి. దాన్ని తిప్పి గానీ, బోర్లించి గానీ మళ్లీ అదే గడిలో సరిగ్గా కూర్చునేలా ఎన్ని రకాలుగా పెట్టొచ్చు? 8 రకాలుగా. ఒక కదలిక తర్వాత ఇంకోటి చేయడాన్ని "కలపడం" అనుకుంటే, ఈ 8 కదలికలు కూడా ఆ నాలుగు ధర్మాల్నే పాటిస్తాయి. గడియారానికీ అట్టముక్కకీ చుట్టరికం లేదు. కానీ ఆ నాలుగు ధర్మాల నుంచి ఒక్కసారి రుజువు చేసింది రెండింటికీ చెల్లుతుంది. తేడా కూడా ఉంది. గడియారంలో ఏది ముందు కలిపినా ఒకటే. అట్టముక్కని ముందు తిప్పి తర్వాత బోర్లిస్తే ఒకలాగా, ముందు బోర్లించి తర్వాత తిప్పితే ఇంకోలాగా వస్తుంది.

అబ్‌స్ట్రాక్ట్ అనే మాటకి అర్థం ఇదే. వస్తువు ఏంటి, ఎక్కడిది అని అడగం. అది ఎలా నడుచుకుంటుంది, ఏ నియమానికి కట్టుబడుతుంది అనే చూస్తాం.

దీన్ని పట్టుకుని "గణితంలో సమానత్వం ఉంది చూశారా" అని ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. గణితం కులాన్ని నిర్మూలించదు. నేను చెప్పేది ఆ నియమాల్ని నేర్పిన గదుల గురించి.

పుట్టుక అడిగిన గదులు

గ్రూప్ అనే మాటని గణితంలోకి తెచ్చింది ఎవరిస్త్ గాల్వా అనే ఫ్రెంచి కుర్రాడు. పారిస్‌లో పేరున్న ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పాడు. రాజుకి వ్యతిరేకంగా రిపబ్లికన్ల వైపు నిలబడ్డాడు, చదివే సంస్థ నుంచి బహిష్కరణకు గురయ్యాడు, జైలుకెళ్లాడు. 1832లో ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి 20 ఏళ్లకే చనిపోయాడు. అతని పని అచ్చయింది 1846లో.

కలిపే వరస మారినా జవాబు మారని గ్రూపుల్ని అబీలియన్ అంటారు. ఆ పేరు నార్వే పేద కుటుంబంలోంచి వచ్చిన నీల్స్ హెన్రిక్ ఆబెల్‌ది. 1824లో తన గొప్ప ఫలితాన్ని సొంత డబ్బులతో అచ్చేయించుకున్నాడు. ఖర్చు తగ్గాలని దాన్ని 6 పేజీలకి కుదించాడు. 26 ఏళ్లకి క్షయతో పోయాడు.

మేట్రిక్స్ అనే పేరు పెట్టిన జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ 1837లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో ర్యాంకు సాధించాడు. అతను యూదుడు. ఇంగ్లండు చర్చి విశ్వాస ప్రమాణం మీద సంతకం పెడితేనే డిగ్రీ ఇచ్చేవాళ్లు. అతను పెట్టలేదు, వాళ్లు ఇవ్వలేదు. 1871లో పార్లమెంటు చట్టం మార్చాకే ఆ డిగ్రీ చేతికొచ్చింది. రెండో ర్యాంకు తెరవలేని తలుపుని చట్టం తెరిచింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఎమ్మీ నోథర్

మన సిలబస్‌లో ఉన్న రింగులు, ఐడియల్స్, ఫీల్డులు ఈ రూపంలో మనదాకా రావడానికి అందరికంటే పెద్ద కారణం ఒక స్త్రీ. పేరు ఎమ్మీ నోథర్. 1882లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి అదే ఊరి యూనివర్సిటీలో గణితం ప్రొఫెసర్.

ప్రొఫెసర్ కూతురైనా 1900లో ఆమెని విద్యార్థిగా చేర్చుకోలేదు. ప్రతి ప్రొఫెసర్ దగ్గరా విడిగా అనుమతి తీసుకుని, క్లాసులో కూర్చుని వినాలి, అంతే. ఆ యూనివర్సిటీలో 986 మంది చదువుతుంటే అందులో ఆడవాళ్లు ఇద్దరు. 1904లో రూలు మారాక చేరింది, 1907లో డాక్టరేట్ పూర్తి చేసింది. ఆ తర్వాత అక్కడే ఏడేళ్లు పనిచేసింది. జీతం సున్నా.

1915లో డేవిడ్ హిల్బర్ట్, ఫెలిక్స్ క్లైన్ ఆమెని గోటింగెన్‌కి పిలిచారు. అప్పట్లో ప్రపంచ గణితానికి అది రాజధాని. కానీ పాఠం చెప్పే అర్హత ఇవ్వడానికి అదే ఫ్యాకల్టీలోని భాషా, చరిత్ర పండితులు అడ్డుపడ్డారు. ఆడమనిషి దగ్గర మగపిల్లలు చదువుకోవాలా అన్నారు. ఇది యూనివర్సిటీ, స్నానాలగది కాదు కదా అని హిల్బర్ట్ వాళ్లతో గొడవపడ్డాడని చెప్పుకుంటారు. గొడవ పడ్డా పని కాలేదు. దాంతో నోటీసులో హిల్బర్ట్ పేరు వేసి, సహాయం డాక్టర్ నోథర్ అని రాసేవాళ్లు. పాఠం మాత్రం ఆమే చెప్పేది.

1918లో ఆమె భౌతికశాస్త్రాన్నే మార్చేసిన సిద్ధాంతం కనుక్కుంది. ప్రకృతిలో ప్రతి నిరంతర సౌష్ఠవానికీ ఒక నిత్యత్వ నియమం ఉంటుందని దాని సారం. ఇప్పుడు ఫిజిక్స్ ఎమ్మెస్సీ వాళ్లందరూ చదివేదే. గోటింగెన్ విజ్ఞాన సంఘంలో ఆమెకి సభ్యత్వం లేదు కాబట్టి ఆ వ్యాసాన్ని అక్కడ క్లైన్ సమర్పించాల్సొచ్చింది.

మరి పాఠం చెప్పే అర్హత ఎప్పుడొచ్చింది? 1919లో. ఆ మధ్యలో ఏం జరిగింది? 1918 నవంబర్ విప్లవం. కైసర్ పోయాడు, రిపబ్లిక్ వచ్చింది, ఆడవాళ్లకి ఓటుహక్కు వచ్చింది. ఆ తర్వాత ఫ్యాకల్టీ కూడా తలుపు తీసింది. నోథర్ మెదడు 1915లో ఎంత పదునో 1919లోనూ అంతే. మారింది వీధిలో రాజకీయం.

1921లో ఆమె రింగుల మీద రాసిన వ్యాసంతో అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రాకి కొత్త పునాది పడింది. ఆమె దగ్గరా, ఎమిల్ ఆర్టిన్ దగ్గరా పాఠాలు విన్న వాన్ డెర్ వార్డెన్ 1930, 31లలో "మోడర్న్ ఆల్జీబ్రా" రెండు భాగాలుగా తెచ్చాడు. తర్వాత ప్రపంచంలో డిగ్రీ, పీజీ పిల్లలకి ఈ సబ్జెక్టు చెప్పిన పుస్తకాలు చాలావరకు ఆ దారిలో నడిచినవే. అంటే ఇవాళ బోర్డు మీద రింగ్ నిర్వచనం రాసి "ఇది మీవాళ్లకి కాదు" అంటున్న మనిషి, క్లాసులో చేర్చుకోకుండా బయట నిలబెట్టిన మనిషి నోట్సే చెప్తున్నాడు.

తెరుచుకున్న తలుపు మళ్లీ మూసుకోదని అనుకోకండి. 1933 ఏప్రిల్ 7న నాజీలు కొత్త చట్టం తెచ్చారు. "ఆర్యులు కానివాళ్లు" ప్రభుత్వ కొలువుల్లో ఉండకూడదు. ఆ నెలాఖరుకల్లా నోథర్‌ని క్లాసులోంచి పంపేశారు. ఆమె విద్యార్థుల్ని ఇంటికి పిలిచి పాఠం చెప్పింది. ఒకడు నాజీ దళం యూనిఫాంలోనే వచ్చాడు. వాడికీ చెప్పింది. ఆ ఏడాదే అమెరికా వెళ్లి బ్రిన్ మార్ అనే మహిళా కళాశాలలో చేరింది. 1935లో ఆపరేషన్ తర్వాత 53 ఏళ్లకి చనిపోయింది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. నోథర్ బాధా మన బాధా ఒకటి కాదు. ఆమె ఇంట్లో గణితం ఉంది, పుస్తకాలున్నాయి. ఊరి బయట గుడిసెలోంచి రాలేదు. మెరిట్ ఉంటే ఎవరూ ఆపలేరనే కథ ఎంత అబద్ధమో తెలియడానికి ఆమె కథ చెప్తున్నాను. అంత మెరిట్‌నీ రెండుసార్లు ఆపారు. ఒకసారి ఆడదని, ఇంకోసారి యూదురాలని.

పాఠం వినొచ్చు, పంక్తిలో కూర్చోకూడదు

ఇప్పుడు మనకి బాగా దగ్గరైన కథ. అమెరికా దక్షిణాదిలో నాష్‌విల్ అనే నగరం. బానిసత్వం పోయాక నల్లజాతి పిల్లల చదువు కోసం 1866లో అక్కడ మొదలైంది ఫిస్క్ యూనివర్సిటీ. 1950లో గణిత శాఖకి లీ లార్చ్ అనే తెల్ల ప్రొఫెసర్ వచ్చాడు. న్యూయార్క్‌లో నల్లవాళ్లకి ఇళ్లివ్వని కాలనీ మీద పోరాడి, తన ఫ్లాట్‌లో నల్ల కుటుంబాన్ని ఉంచి, వరసగా రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నవాడు.

1951లో గణిత అధ్యాపకుల సంఘం ప్రాంతీయ సమావేశం నాష్‌విల్‌లోనే జరిగింది. లార్చ్, ముగ్గురు నల్ల సహచరులు వెళ్లారు. వాళ్లలో ఎవెలిన్ బాయిడ్ ఒకరు, అప్పటికే యేల్‌లో డాక్టరేట్ తీసుకున్న గణితవేత్త. సభలో కూర్చుని ప్రసంగాలు విననిచ్చారు. చివర్న విందు. అక్కడ మాత్రం వాళ్ల సీట్లు ఒప్పుకోలేదు.

మిత్రులారా, ఇది మనకి కొత్తగా అనిపిస్తుందా? సిద్ధాంతం కలిసి వినొచ్చు. అన్నం కలిసి తినకూడదు. మెస్‌లో వేరు వరస, ఊళ్లో వేరు గ్లాసు చూసినవాళ్లకి నాష్‌విల్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించక్కర్లేదు.

వాళ్లు ఇంటికెళ్లి బాధపడి ఊరుకోలేదు. గణిత సంఘాల పాలకమండళ్లకి లేఖ రాశారు. మీ నియమావళిలోనే వివక్ష కుదరదని రాయండి అని అడిగారు. "సైన్స్" పత్రికలో ఆ విషయం అచ్చయింది. మర్యాద కోసం కాకుండా రూలు కోసం కొట్లాడారు. ఇది మనం నేర్చుకోవాల్సిన సంగతి.

ఆ చిన్న శాఖలో ఆ ఐదేళ్లలో చదివిన ముగ్గురు అమ్మాయిల గురించి వినండి.

ఎటా ఫాల్కనర్. మిసిసిపీలో పుట్టింది, 15 ఏళ్లకే ఫిస్క్‌లో చేరింది. 1969లో ఎమరీ యూనివర్సిటీలో అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రాలోనే డాక్టరేట్. తర్వాత అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో దశాబ్దాల పాటు నల్లజాతి అమ్మాయిల్ని సైన్సులోకి, గణితంలోకి పంపుతూనే ఉంది.

గ్లోరియా హెవిట్. 1962లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో డాక్టరేట్, అదీ ఆల్జీబ్రాలోనే. పీజీకి ఆమె అప్లికేషన్ కూడా పెట్టుకోలేదు. లార్చ్ ముందే ఆమె పేరు సిఫారసు చేశాడు.

వివియెన్ మలోన్-మేయ్స్. 1961లో సొంత ఊరు వేకోలోని బెయిలర్ యూనివర్సిటీ నల్లజాతి మనిషని చేర్చుకోలేదు. టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లింది. అది తలుపు తీసింది ఉదారత్వంతో కాదు. హీమన్ స్వెట్ అనే నల్లజాతి మనిషి లా సీటు కోసం వేసిన కేసులో 1950లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కాబట్టి. లోపలికెళ్లాక ఏమైంది? క్లాసులో తోటివాళ్లు మాట్లాడరు. పాఠం చెప్పే అసిస్టెంట్ పని ఇవ్వరు. ఆర్.ఎల్. మూర్ అనే పేరుమోసిన ప్రొఫెసర్ తన క్లాసులోకి నల్లవాళ్లని రానివ్వనని మొహం మీదే చెప్పాడు. గైడు, తోటి విద్యార్థులు గణితం మాట్లాడుకునే కాఫీ హోటల్‌లో నల్లవాళ్లకి కాఫీ పోయరు. అయినా 1966లో డాక్టరేట్ తీసుకుంది. ఆ ఏడాదే బెయిలర్ ఆమెని ప్రొఫెసర్‌గా తీసుకుంది. విద్యార్థిగా పనికిరాదన్న చోటే మొదటి నల్లజాతి అధ్యాపకురాలు.

లార్చ్‌కి ఏమైంది? 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పగానే తన కూతుర్ని దగ్గర్లోని నల్లపిల్లల బడిలో చేర్చబోయాడు. పార్లమెంటు విచారణ కమిటీ ముందుకి లాగారు. 1955లో ఫిస్క్ ఉద్యోగం కూడా పోయింది. అయితే అప్పటికే ఆ అమ్మాయిలు చాక్‌పీస్ పట్టుకున్నారు.

ఇంకొక్క పేరు. క్లారెన్స్ స్టీఫెన్స్. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న నల్లజాతి బిడ్డ, 1943లో మిషిగన్‌లో గణితం డాక్టరేట్. 1969లో న్యూయార్క్ రాష్ట్రంలో పాట్స్‌డామ్ అనే చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీకి వెళ్లాడు. అక్కడ ఎక్కువమంది తెల్ల విద్యార్థులే. నేర్చుకోవాలనుకున్న ఎవరైనా గణితం నేర్చుకోగలరన్నది ఆయన నమ్మకం. వడపోత మానేసి, గణితం పుస్తకాన్ని సొంతంగా అర్థం చేసుకుంటూ చదవడం నేర్పించాడు. 1985లో ఆ కాలేజీ నుంచి 184 మంది గణితం డిగ్రీతో బయటికొచ్చారు. ఆ ఏడాది దేశం మొత్తంలో అది మూడో స్థానం. ఆ ఊరి పిల్లలకి ఒక్కసారిగా కొత్త బుర్రలు మొలిచాయా? లేదు. చెప్పే పద్ధతి మారింది.

బోర్డు వెనకాల టిఫిన్ డబ్బాలు

మన దగ్గరికొద్దాం. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో బాబాసాహెబ్ చదివే రోజుల్లో టీచరు ఆయన్ని లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిచాడు. క్లాసంతా గోల. ఎందుకంటే సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలు బోర్డు వెనకున్నాయి. వాటిని పక్కకి లాక్కున్నాకే ఆయన బోర్డు ముట్టుకున్నాడు. బడిలో సీటు దొరికింది. బోర్డు దగ్గరికి వెళ్లేసరికి ఇంకో గీత.

రెండు తలుపులున్నాయని ఈ చరిత్రంతా చెప్తోంది. మొదటిది అడ్మిషన్. దాన్ని విప్లవం, కోర్టు, చట్టం తెరిచాయి. మనకి రాజ్యాంగం, రిజర్వేషన్ తెరిచాయి. రెండోది బోర్డుకీ బెంచీకీ మధ్య ఉంటుంది. "మీవాళ్లు" అన్న మాటతో దానికి తాళం వేస్తారు. అక్కడ ఏ జీవో కనపడదు. సప్లీల లిస్టు మాత్రం కనపడుతుంది. తర్వాత ఆ లిస్టునే చూపించి మెరిట్ లేదంటారు.

చెల్లీ, ఈ కోర్సులో వచ్చే మొదటి రుజువుల్లో ఒకటి ఇక్కడే చెప్తాను. గ్రూపులో తత్సమాంశం ఒక్కటే ఉంటుంది. రెండున్నాయనుకుందాం, అ, ఆ. "అ" తత్సమాంశం కాబట్టి, అ కలిపిన ఆ అంటే ఆ. "ఆ" కూడా తత్సమాంశం కాబట్టి, అ కలిపిన ఆ అంటే అ. రెండూ ఒకే జవాబు. కాబట్టి అ, ఆ ఒకటే. అయిపోయింది.

ఇందులో ఏ లైన్లో ఎవరి ఇంటిపేరు వాడాం? ఏ లైన్లో ఎవరి నాన్న ఉద్యోగం వాడాం?

ఇలాగే చెయ్యి. ప్రతి రుజువులో లైను పక్కన ఏ ధర్మం వాడారో తెలుగులో రాసుకో. అట్టముక్క కత్తిరించి మూలలకి 1, 2, 3, 4 అని రాసి, 8 కదలికల పట్టిక నీ చేత్తో వేసుకో. ఒక సాయంత్రం పడుతుంది. సగం పేపరు అందులోంచే అర్థమవుతుంది. హాస్టల్లో నలుగురు కలవండి. వారానికి రెండు రోజులు గోడ మీద చాక్‌పీస్‌తో ఒకరికొకరు చెప్పుకోండి. చాక్‌పీస్ రోజూ చేతులు మారాలి. వినేవాళ్లుగానే ఉండిపోతే ఈ సబ్జెక్టు రాదు.

సంఘాల్లో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ధర్నా చేస్తాం, చేయాలి. దాంతోపాటు ప్రిన్సిపాల్‌కి ఇచ్చే వినతిపత్రంలో ఇవి కూడా రాయండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెల బ్రిడ్జి కోర్సు. ఫెయిలైన పేపర్లకి కాలేజీలోనే రెమిడియల్ క్లాసులు. లైబ్రరీలో తెలుగు అకాడమీ గణితం పుస్తకాలు. క్లాసులో కులం ఎత్తి మాట్లాడితే రాతపూర్వక ఫిర్యాదు, దానికి రాతపూర్వక జవాబు. నాష్‌విల్‌లో వాళ్లు చేసింది ఇదే. రూలు రాయమని అడిగారు.

రాత్రి చెల్లి మళ్లీ మెసేజ్ పెట్టింది. "అన్నా, అట్టముక్క చేశా. ఏడే వస్తున్నాయి." ఏమీ చేయకుండా ఉన్నచోటే ఉంచడం కూడా ఒక కదలికే, దాన్ని లెక్కపెట్టావా అని అడిగాను. కాసేపటికి పట్టిక ఫోటో పంపింది. ఎనిమిది వరసలు, ఎనిమిది నిలువులు, పెన్సిల్‌తో గీసింది. రెండుచోట్ల తప్పుంది. ఎక్కడో నేను చెప్పలేదు. తనే కనుక్కుంటానంది.

వచ్చే భాగంలో సావిత్రిబాయి, ఫాతిమా షేక్‌ల బడి గురించి.

జై భీమ్.